అగ్గి వస్తోందని చాటింపు వేసిన ఏడాది

నా ఉద్యోగం ఏంటని బంధువుల్లో ఎవరైనా అడిగితే మా ఆయన "చేలకు జ్వరం చూసే పని" అని చెప్పేవారు. వినడానికి హాస్యంగా ఉన్నా అందులో అబద్ధం లేదు. కాకపోతే డాక్టరు జ్వరం వచ్చాక చూస్తాడు, నేను రాకముందే చూడాలి. వచ్చాక చెబితే రైతు "అది నాకూ కనపడుతోంది లెండి" అంటాడు. రాకముందు చెబితే "ఏదీ, ఎక్కడ?" అంటాడు. ఈ రెండు మాటల మధ్య ఇరుక్కునే నా సర్వీసంతా గడిచింది. ఈ మధ్య ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఒకరిద్దరు మా ఇంటికొచ్చి పాత అనుభవాలేమైనా చెప్పమన్నారు. వాళ్ళ చేతుల్లో ఇప్పుడు ఫోన్లున్నాయి, వాతావరణం ఎలా ఉంటుందో ముందే తెలిసిపోతుంది. అయినా చేలో వంగి ఆకు తిరగేసినప్పుడు గుండెల్లో పుట్టే దడ మాత్రం మారి ఉండదు. అందుకని వాళ్ళకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. నేను తెనాలి వ్యవసాయ శాఖ ఆఫీసులో ఉన్నాను. అటు రేపల్లె దాకా, ఇటు బాపట్ల దాకా కొన్ని ఊళ్ళలో కొన్ని చేలు ఎంచుకుని వారం వారం వాటిలోకి దిగి చూడటం నా పని. గట్టు మీద నిలబడి చూస్తే కుదరదు. చేను నడిమధ్యకు నడవాలి, అక్కడక్కడ ఆగాలి, దుబ్బులు విప్పి ఆకులు తిరగేయాలి. అంతకు మించి అందులో పెద్ద విద్యేమీ లేదు. అప్పట్లో ఎటు చూసినా సాంబ మసూరే. అన్నం సన్నగా మల్లెపువ్వులా ఉంటుంది, అమ్ముకోవడానికి ఇబ్బంది ఉండదు. కానీ అగ్గి తెగులు దగ్గరికి వచ్చేసరికి అది చంటిపిల్లే. ఇట్టే లొంగిపోతుంది.

ఆ తెగులు గురించి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. ముందు ఆకు మీద నూలుకండె ఆకారంలో మచ్చలు పడతాయి. మధ్యలో బూడిద రంగు, అంచున గోధుమ రంగు. అది చూసి ఎవరూ పెద్దగా కంగారు పడరు. అసలు భయం తర్వాత. చేను ఈని వెన్ను బయటికొచ్చే వేళకు చలి, మబ్బు, మంచు మూడూ కలిసొస్తే అదే తెగులు వెన్ను మెడకు ఎక్కుతుంది. మెడ నల్లబడి విరుగుతుంది. గింజలోకి పాలు చేరవు. అలా మెడకెక్కాక ఏ మందు కొట్టినా డబ్బు దండగ. కొట్టవలసింది చేను పొట్ట మీద ఉన్నప్పుడు, అంటే వెన్ను ఇంకా లోపలే ఉండి ఏమీ కనపడనప్పుడు. కనపడని దానికి మందు కొట్టమని చెప్పడమే నా ఉద్యోగం.

ఆ ఏడు తెనాలి చుట్టుపక్కల చేలల్లో ఆకు మచ్చలు మామూలు కంటే ముందుగా కనపడ్డాయి. ఇక్కడివాళ్ళు ఎలాగో తట్టుకుంటారు, చేలు అప్పటికే ఈని గింజ పోసుకుంటున్నాయి. నా దిగులంతా రేపల్లె అవతల, సముద్రం వైపు ఊళ్ళ గురించి. కాలవ చివరి భూములు కాబట్టి వాళ్ళకు నీళ్ళు ఆలస్యం, నాట్లు ఆలస్యం. వాళ్ళ చేలు సరిగ్గా మంచు కాలంలో ఈనుతాయి. మా పెద్దసారుతో ఆ మాట చెప్పి, ఊళ్ళలో మైకు పెట్టి చెప్పిద్దామన్నాను. పెద్దసారు చెడ్డవాడు కాదు గానీ భయస్థుడు. ఏ కాగితం మీదైనా "అవకాశం ఉంది" అన్న మాట లేనిదే సంతకం పెట్టేవారు కాదు. ప్రకటన ఆయనే రాశారు. "అగ్గి తెగులు ఆశించే అవకాశం ఉన్నందున రైతు సోదరులు తమ పొలాలను గమనించుకోవలసిందిగా..." అని సాగుతుంది.

తెనాలిలో సినిమాలకు, బట్టల కొట్లకు, తప్పిపోయిన పిల్లలకు మైకులో ప్రచారం చేసే ఆటో ఆయన ఒకాయన ఉండేవాడు. ఊరంతా ఆయన్ని భాయ్ అనే పిలిచేది. ఇంట్లో ఉర్దూ, మైకులో తెలుగు. ఆ గొంతు వింటే చీర అవసరం లేనివాళ్ళు కూడా కొట్టుకు వెళ్ళి చూసి వచ్చేవారు. ఆయన ఆ కాగితం చదివి నా మొహం చూశాడు.

"మేడం, తెగులు ఆశించడమేంటండి? ఏం ఆశిస్తది పాపం?"

"అది మా భాష భాయ్. పట్టడం అని."

"మీ భాష మీ ఆఫీసులో బాగుంటది. ఇది చదివితే గేదె కూడా తలెత్తి చూడదు. నా పద్ధతిలో నేను చెబుతా. నాకు వదిలేయండి."

జనం వినాలన్నదే నా ఆరాటం కూడా. సరేనన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన రేపల్లె వైపు వెళ్ళాడు. మధ్యాహ్నానికి ఆఫీసుకు ఫోను వచ్చింది. ఎవరో ఒకతను, ఊరి పేరు చెప్పి, "మీ ఆటోని ఆపేశాం, మీ మనిషిని కూర్చోబెట్టాం, వచ్చి తీసుకెళ్ళండి" అని పెట్టేశాడు. రేపల్లె పాసింజరు ఎక్కి కూర్చున్నానే గానీ ఏమై ఉంటుందో ఊహకు అందలేదు. ప్రతి స్టేషన్‌లోనూ ఆ రైలు అవసరమైన దానికంటే ఎక్కువసేపు ఆగినట్టే అనిపించింది.

జరిగింది ఇదీ. ఆ ఊళ్ళో సగం పైన తాటాకు ఇళ్ళు. మగవాళ్ళంతా పొలాల్లో ఉన్నారు. సముద్రం గాలి బలంగా వీస్తోంది. భాయ్ ఊరి బయటి నుంచే మొదలుపెట్టాడు. "అగ్గి! అగ్గి! తెనాలి చేలను చుట్టుముట్టింది! ఈ క్షణమో మరుక్షణమో మీ ఊరి మీదకు వస్తోంది! అగ్గి తెగులు! రైతు సోదరులారా..." అన్నాడట. గాలికి మొదటి మాటలు ఊళ్ళోకి వచ్చాయి, తెగులు అన్న మాట ఎటో కొట్టుకుపోయింది. ఆడవాళ్ళు పిల్లల్ని బయటికి లాగారు, బిందెలు పట్టుకుని కాలవ రేవుకు పరిగెత్తారు. ఇళ్ళల్లోని సామాన్లన్నీ వీధిలోకి వచ్చి పడ్డాయి. ఒకావిడ కొత్తగా కొన్న టీవీని ఎత్తి గుమ్మం బయట పెట్టబోతే చెయ్యి జారి పగిలింది. రేవులో తోపులాటకు ఒక పెద్దావిడ జారి పడి మణికట్టు విరిగింది.

నేను వెళ్ళేసరికి పాలకేంద్రం ముందు ఆటో, దాని చుట్టూ జనం. మైకు తీగలు పీకి వేలాడేశారు. భాయ్ తల దించుకుని కూర్చున్నాడు. ఎవరూ ఆయన మీద చెయ్యి చేసుకోలేదు, మజ్జిగ కూడా ఇచ్చారు. కానీ ఆ గొంతు అంత చిన్నగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "మేడం, నేను చెప్పింది తెగులు గురించేనండి" అన్నాడు. టీవీ పగిలినాయన, అంటే ఆవిడ భర్త, నలభై ఏళ్ళ మనిషి, సొంత భూమి కొంత, కౌలు కొంత చేసుకుంటాడు, మాటకారి. "మీరు ఆఫీసర్లు కదండీ. పంటల్ని కాపాడతారనుకున్నాం, కొంపలు ముంచడానికి వచ్చారేంటి?" అన్నాడు. నేను చేతులు జోడించాను. పెద్దావిడను రేపల్లె ఆసుపత్రికి తీసుకెళ్ళి పిండికట్టు వేయించి, చీకటి పడుతుండగా ఇంట్లో దింపి వచ్చాను. దారిలో ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండునని అనిపించింది.

ఆ తర్వాత మేము నవ్వులపాలయ్యాం. రేపల్లె బస్టాండులో టీ తాగేవాళ్ళు "ఏం మేడం, అగ్గి ఎందాకా వచ్చింది?" అనేవారు. పెద్దసారు మైకు ప్రచారం మొత్తం ఆపేశారు. "ఇంకోసారి ఆ ఊళ్ళో అగ్గి అన్న మాట మన ఆఫీసు నుంచి వెళ్ళిందంటే నాకు సంబంధం లేదమ్మా" అన్నారు.

వారం తిరిగాక మళ్ళీ ఆ ఊరి చేలు చూడవలసి వచ్చింది. ఊళ్ళోకి వెళ్ళకుండా కాలవ గట్టు వెంబడి వెళ్ళి చేలో దిగాను. దొంగలా ఉంది నా పరిస్థితి. చేను బాగా ఎదిగి నిండుగా ఉంది. పొట్ట మీద ఉంది, ఈనికకు ఎన్నాళ్ళో పట్టదు. నడిమధ్యకు వెళ్ళి ఒక ఆకు తిప్పాను. మచ్చ. పక్క దుబ్బులోనూ ఉంది. నాలుగు అడుగులు వేశాను, అక్కడా ఉంది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి. పొద్దెక్కినా ఆకుల మీద మంచు ఇంకా ఆరలేదు. తలెత్తి చూస్తే సముద్రం వైపు నుంచి వచ్చిన మబ్బు కదలకుండా కూర్చుని ఉంది. మచ్చలున్న ఆకులు నాలుగు తుంచాను.

ఆ ఆకులు తడిగుడ్డలో చుట్టుకుని బాపట్ల బస్సెక్కాను. కాలేజీలో మాకు తెగుళ్ళ పాఠం చెప్పిన మాస్టారు అక్కడే ఉండేవారు. ఒకసారి రిటైరై, మళ్ళీ ఊరికే వచ్చి ప్రయోగశాలలో కూర్చునేవారు. ఆకు కిటికీ వెలుగులో పెట్టి చూసి "అగ్గి తెగులే. నీకు తెలిసి కూడా నా దగ్గరికెందుకు తెచ్చావమ్మాయీ?" అన్నారు.

"మెడకు ఎక్కుతుందా సార్?"

"అది నన్ను అడిగితే ఎలా? మంచును అడగాలి. గాలి మళ్ళి నాలుగు రోజులు ఎండ కాస్తే ఇక్కడితో ఆగొచ్చు. ఇలాగే ఉంటే ఆగదు."

"ఏదో ఒకటి చెప్పండి సార్. అక్కడ ఇప్పటికే ఒకసారి పరువు పోయింది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నీ పరువు సంగతి నాకు తెలియదు గానీ, ఆ చేను నాదైతే నేను మందు కొడతాను" అన్నారు.

ఇంటికి వచ్చాక నాకు అన్నం సయించలేదు. పొద్దున్న లేవగానే వాకిట్లో స్కూటరు సీటు మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. మంచుకు అరచెయ్యి తడిసేది. మందు కొట్టడమంటే మాటలు కాదు. అందులో చాలామంది కౌలు రైతులు, అప్పటికే చేతిలో ఉన్నదంతా చేలో పోసి ఉన్నారు. కొట్టమని చెప్పి, తెగులు రాకపోతే రెండోసారి అబద్ధాలకోరునవుతాను. చెప్పకుండా ఊరుకుని, వస్తే? ఆ మాట అక్కడితో ఆపేసి గిన్నెలు తోముకునేదాన్ని. మా ఆయన "జ్వరం చేలకా నీకా?" అని అడిగారు. నవ్వు రాలేదు.

పెద్దసారుకు చెప్పాను. "సెలవు పెట్టి సొంతంగా వెళ్ళి చెప్పుకుంటే నేను కాదనను" అన్నారాయన. ఆయన ఇచ్చిన ధైర్యం అంతే. మర్నాడు తెల్లవారకముందే రైల్వేస్టేషన్ దగ్గర భాయ్ ఆటో కనపడింది. ఎక్కడికని అడిగాడు. చెప్పాను. "పదండి, నేనూ వస్తా. మైకు ఇంట్లో పడేసి వస్తా" అన్నాడు.

పొద్దున పాలు పోసే వేళకు పాలకేంద్రం దగ్గరికి చేరాం. మమ్మల్ని చూడగానే క్యాన్ల చప్పుడు ఆగిపోయింది. ఎవరో "బిందెలు తెచ్చుకోండర్రా" అంటే అందరూ నవ్వారు. మళ్ళీ కంగారు పుట్టించకూడదని దారంతా నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. అందుకని గొంతు వీలైనంత నెమ్మదిగా పెట్టి మాట్లాడాను. భయపడవలసిన పని ఏమీ లేదని, ముందు జాగ్రత్తగా ఒక్కసారి మందు కొట్టుకుంటే మంచిదని, పరిస్థితి అదుపులోనే ఉందని చెప్పాను. పెద్దసారు రాసిన కాగితంలాగే మాట్లాడాను.

టీవీ పగిలినాయన పాలక్యాను మూత బిగిస్తూ అన్నాడు. "మేడంగారూ, అప్పుడేమో కొంపలంటుకున్నాయని అరిపించారు. ఇప్పుడేమో భయపడేదేం లేదంటున్నారు, మళ్ళీ మందు కొట్టమంటున్నారు. భయం లేనప్పుడు మందెందుకండి?"

సమాధానం చెప్పేలోపే ఆయన సైకిలు ఎక్కి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే మిగతావాళ్ళూ కదిలారు.

నేను పెద్దావిడను చూడటానికి వెళ్ళాను. కనీసం ఆ పనైనా చేద్దామని. ఆవిడ అరుగు మీద కూర్చుని ఎడమ చేత్తో బియ్యంలో మట్టిబెడ్డలు ఏరుతోంది. కుడిచేతికి పిండికట్టు. కొడుకులిద్దరూ కౌలు చేస్తారు. "రా అమ్మాయ్, కూర్చో" అంది. కూర్చున్నాను. భాయ్ వీధిలోనే నిలబడ్డాడు. "నువ్వూ రావయ్యా, నీ గొంతు పాడుగాను, నన్ను పడేశావు" అంటే వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"చెయ్యి ఎలా ఉంది పెద్దమ్మా?"

"దాని సంగతి అట్లా ఉండనీ. నీ మొహం ఏంటి అట్లా పీక్కుపోయింది?"

పాలకేంద్రం దగ్గర అంత పొందిగ్గా మాట్లాడిన నేను ఆవిడ ముందు ఉన్నదున్నట్టు చెప్పేశాను. "భయంగా ఉంది పెద్దమ్మా. నిద్ర పట్టట్లేదు. మీ చేలల్లో మచ్చలున్నాయి. వస్తుందో రాదో నాకు తెలియదు. రాకపోతే మీరంతా నన్ను తిట్టుకోండి, పడతాను. వస్తే మాత్రం తర్వాత చేసేదేమీ ఉండదు."

ఆవిడ చేట పక్కన పెట్టింది. "ఈ మాట అక్కడ చెప్పావా?" అంది. లేదన్నాను. "చదువుకున్నావు గానీ..." అని ఆగి, లేచి చెప్పులు వేసుకుంది.

ఆవిడ వెనక మేము నడిచాం. ప్రతి గుమ్మం ముందూ ఆగి ఆవిడే పిలిచింది. "ఏమే, ఆ రోజు బిందె పట్టుకుని ఉరికావుగా? మళ్ళీ ఉరకాలే. ఈసారి మీ ఆయన్ని మందు ట్యాంకు పట్టుకుని ఉరకమను. ఈ అమ్మాయి వణికిపోతోంది, కళ్ళారా చూశా." ఆడవాళ్ళు బయటికి వచ్చి నా మొహం చూసేవారు. నేను ఆకు చూపించేదాన్ని. భాయ్ మైకు లేకుండా, మామూలు గొంతుతో, ఏ మందు, ఏ పూట కొట్టాలో చెప్పేవాడు. దారి పొడవునా నా దగ్గర నేర్చుకున్నాడు, ఒక్క ముక్క తప్పు పోలేదు. మధ్యాహ్నానికి రేపల్లె మందుల కొట్టుకు మనుషులు బయల్దేరారు. టీవీ పగిలినాయన ఇంటికి తాళం వేసి ఉంది. ఆలుమగలు ఏదో పెళ్ళికి అవతలి ఊరు వెళ్ళారన్నారు. కబురు పెడతామన్నారు. మర్నాడు ఊళ్ళో చాలా చేలల్లో మందు పడింది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. తెగులు రాకూడదనే కోరుకోవాలి కదా. అలాగే కోరుకున్నాను. కానీ అందరి చేలూ పచ్చగా ఉండి, మందు కొట్టని చేను కూడా పచ్చగానే ఉంటే ఆ ఊరి మొహం మళ్ళీ ఎలా చూడటం అన్న ఆలోచన కూడా వచ్చేది. వచ్చినందుకు నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఈ ఉద్యోగంలో చేరే పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. మనం చెప్పిన కీడు జరగకపోతే మనం తప్పు, జరిగితే మనం ఒప్పు. ఒప్పు అయినందుకు సంతోషించే వీలు లేని ఒప్పు అది.

మబ్బు విడవలేదు. మంచు ఆగలేదు.

ఒకరోజు పెద్దావిడ పెద్దకొడుకు ఆఫీసుకు ఫోను చేశాడు. "మేడం, మా చేలు బాగానే ఈనినాయండి. అక్కడక్కడ నాలుగు వెన్నులు పోయినాయి గానీ పర్లేదు. మీరొకసారి రండి. మాకోసం కాదు" అన్నాడు.

టీవీ పగిలినాయన చేను దూరం నుంచి చూస్తే బాగా పండినట్టే ఉంది. చేరువకు వెళితే తెలిసింది, అది పండిన పసుపు కాదు, ఎండిన తెలుపు. వెన్నులు నిటారుగా నిలబడి ఉన్నాయి, వంగడానికి గింజలో బరువుంటే కదా. కొన్ని మెడ దగ్గర నల్లగా విరిగి వేలాడుతున్నాయి. ఆయన గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. భార్య కాస్త దూరంలో నిలబడి ఉంది. నన్ను చూసి ఆయన లేచాడు. కసురుకుంటాడనుకున్నాను. అందుకు సిద్ధపడే వచ్చాను.

"కబురు అందిందండి నాకు. పెళ్ళి నుంచి రాగానే మా ఆవిడ పక్కింటివాళ్ళ దగ్గర విని చెప్పింది. నేనే వినలేదు" అన్నాడు.

నేను వంగి ఒక వెన్ను మెడ పట్టుకుని చూశాను.

"ముందే తెలుసాండి మీకు, ఇట్టా అవుద్దని?"

"తెలియదండి. భయం వేసిందంతే."

"మాతో భయపడేదేం లేదన్నారుగా."

"మీరు కంగారు పడకూడదని అలా అన్నానండి."

ఆయన తల ఊపాడు. కోపంగా కాదు, లెక్క సరిపోయినవాడిలా. ఒక వెన్ను తుంచి అరచేతుల్లో నలిపి ఊదాడు. అంతా తాలే, ఎగిరిపోయింది. ఖాళీ అరచేతిని పంచెకు తుడుచుకున్నాడు.

"మీరు భయపడ్డారని తెలిస్తే నేనూ భయపడేవాణ్ణండి" అన్నాడు.

భార్య దగ్గరికి వచ్చి ఏదో మెల్లగా అంది. ఆయన చేను వైపు చూసి, మళ్ళీ నా వైపు తిరిగాడు.

"పోనీ ఈ గడ్డి గొడ్లకు వేయొచ్చాండి? తింటే వాటికేమన్నా అవుద్దా?"

"ఏం కాదండి. వేయొచ్చు" అన్నాను.

ఆయన మారుమాట్లాడకుండా భార్య చేతిలోని కొడవలి అందుకుని చేలోకి దిగాడు. ఆ ఏడాదంతా నేను ఆయనకు చెప్పిన మాటల్లో విన్న వెంటనే ఆయన నమ్మింది అదొక్కటే.